మెక్‌ఆస్లన్ గారి చెత్తకుప్ప

మానిటోబా గోధుమ మైదానాల్లో మా సర్కారు వారి పండ్ల పరిశోధన తోటకి పెద్ద మెక్‌ఆస్లన్ గారు. ఆయన నోట పద్దెనిమిదేళ్లుగా నేను విన్న తీర్పు ఒక్కటే: "పీకి పారెయ్!"

సున్నాకి నలభై డిగ్రీలు దిగువ చలిని తట్టుకునే ఆపిల్ చెట్టుని పుట్టించడం మా పని. ఏటా వేల మొక్కలు పెంచేవాళ్లం. ఆయన వరుసల్లో నడుస్తూ, కాయ కొరికి, ఒక కన్ను మూసి, తుపుక్కున ఉమ్మేవాడు.

"గెర్హార్డ్! ఇది చలికి బతికింది. తింటే మనం బతకం. పీకి పారెయ్!"

"పక్కది తియ్యగా ఉందండీ."

"తీపి సరే, వచ్చే జనవరిలో చస్తుంది. ఎందుకా కష్టం? పీకి పారెయ్!"

ఓసారి చర్చి విందులో పాస్టరమ్మ కాల్చిన 'ఆపిల్ పై' ముక్క నోట్లో పెట్టుకుని, కన్ను మూసి, అలవాటుగా అదే మాట అనేశాడు. పాస్టరమ్మ గరిటె పట్టుకుని, "ఏం పీకమంటారు, పొయ్యినా?" అంది. పాపం, ఆ రోజు మూడు ముక్కలు తిని ఆవిణ్ణి శాంతింపజేశాడు.

ఇంత ఖండితంగా ఉండే మనిషికి ఓ వింత చాదస్తం. పీకేటప్పుడు వేరు తెగకూడదు.

"పారేసేదానికి వేరుంటేనేం, లేకపోతేనేం?" అనేవాణ్ణి.

"పద్ధతోయ్, పద్ధతి!"

పంతొమ్మిది వందల ముప్పై ఆరు, వానల్లేని సంవత్సరం. పద్నాలుగో వరుసలో నేను కన్నబిడ్డలా సాకిన చెట్టు కాసింది. ఆయన కాయ కొరికాడు. ఉమ్మలేదు. గింజలతో సహా తినేశాడు. నా గుండె ఉప్పొంగింది.

"దీన్నించి కట్టిన నలభై అంటుమొక్కలూ ఆకు రాలాక పీకి పారెయ్."

"తొడిమ తప్ప మిగల్చలేదు కదండీ! ఏం లోపం?"

"ఆకు రంగు నచ్చలేదు."

అక్టోబరులో గొణుక్కుంటూ ఆ అంటుమొక్కల్ని బండికెత్తి, గేటు బయట చెత్తకుప్ప దగ్గరికి తోలాను. అక్కడ జాతర! పది బళ్లు, ఆడవాళ్లు, తడి గోనెలు. ముందు నించున్నది పరాస్కా. గాలికి పొలమంతా దుమ్మై ఎగిరిపోయినా ఊరు వదలని మనిషి.

"చెత్తతో ఏం పనమ్మా?"

"మంగళవారం మంచి చెత్త పడుతుందని మీ పెద్దాయనే కబురంపాడయ్యా. మా అక్క పెరట్లో ఆరేళ్ల నించీ కాస్తోంది మీ చెత్త!"

అప్పుడు వెలిగింది. పరీక్షలో ఉన్న మొక్క కంచె దాటకూడదని రూలు. దాటగలిగేది చెత్త ఒక్కటే.

తిరిగొచ్చేసరికి ఆయన ఆఫీసులో కాగితాలు చూస్తున్నాడు. తలెత్తలేదు.

"పారేశావా?"

"ఒక్కటీ మిగల్లేదండీ."

"పరాస్కా ఇంటి దగ్గర ఉత్తరపు గాలి జాస్తి. మొక్కకో కర్ర పాతమని చెప్పావా?"

"చెత్తకి కర్రెందుకండీ?" అన్నాను అమాయకంగా.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఆవిడకి నలుగురు పిల్లలోయ్," అన్నాడు, నేనడిగినదానికి అదే జవాబైనట్టు.