అన్నయ్యను పేరు పెట్టి పిలిచిన రోజు

ఈ చలికాలం మొదట్లో, ఆఫీసుకు బయల్దేరుతూ కారు అద్దం మీది మంచు గీకుతుంటే అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. అన్నయ్య అంటే తోడబుట్టినవాడు కాడు, మిషిగన్‌లో మనకు దొరికే రకం అన్నయ్య. కార్ల విడిభాగాలు చేసే ఒక పెద్ద కంపెనీలో నేను అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు నా పై అధికారి. ఆయన రిటైర్ అవుతున్నాడట, మా ఊరు నోవైలోనే పార్టీ అట, ఇక్కడే పుట్టి పెరిగిన ఆ కుర్రవాడు తనకొచ్చిన తెలుగులో ఎంతో మర్యాదగానే అడిగాడు: "ఆంటీ, మీరు టూ మినిట్స్ మాట్లాడాలి. మీకు జాబ్ ఇచ్చింది డాడ్ కదా?" తప్పకుండా మాట్లాడతానన్నాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే, మంచుతో పాటు వైపర్ రబ్బరు కూడా గీకేశాను.

నా ఈడువాళ్ళకు, అంటే భర్త వీసా వెనకాల వచ్చి, డిగ్రీ కాగితాలు సూట్‌కేసు అడుగున పెట్టుకుని, పని చేసుకునే పర్మిట్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్ళకు నేను పెద్దగా వివరించనక్కర్లేదు. ఆ పర్మిట్ చేతికి వచ్చేసరికి నాకు నలభై దాటాయి, మన బి.కాం.ను ఇక్కడ అడిగే నాథుడు లేడు, అందుకని ఆ కంపెనీకి దగ్గరి ఊరు ట్రాయ్‌లో ఉన్న ఆఫీసులో ఏడాది పాటు ఫైనాన్స్ అప్రెంటిస్‌గా చేరాను. కొన్నాళ్లు బిల్లుల చెల్లింపుల్లో, కొన్నాళ్లు యంత్రాల లెక్కల్లో, కొన్నాళ్లు నెలాఖరు లెక్కల్లో తిప్పి పని నేర్పి, చివరికి పై అధికారి ఎవరి పేరు చెబితే వాళ్ళకు పర్మనెంట్ ఉద్యోగం ఇచ్చేవారు. సరిగ్గా అప్పుడే మావారి ప్రాజెక్టు ఆగిపోయింది. నాకు ఆ ఉద్యోగం వస్తే ఆయనా నేనూ మా అమ్మాయీ నోవైలో ఒక్కచోట ఉంటాం, రాకపోతే ఆయన పని దొరికిన ఊరికి పోవాలి.

ఆ ఆఫీసులో ఎంతటివాణ్ణయినా పేరు పెట్టే పిలుస్తారు. మొదటిరోజు నాకు నోరు రాక ఆయన్ని సర్ అంటే, సర్ ఏమిటమ్మా, అన్నయ్య అను చాలు అన్నాడు పెద్దమనిషి, నేను అక్కడే కరిగిపోయాను. ఆ వారం నుంచే ఆయనా వదినా ఆదివారాలు మా ఇంటికి భోజనానికి రావడం మొదలైంది. వదిన సంగతి వేరు, ఆమెది కరీంనగర్ వైపు, మనసులో ఒకటీ మాటలో ఒకటీ లేని మనిషి. మొదటి చలికాలం తన ఉన్ని కోటు విప్పి నాకు తొడిగింది, ఖాళీ పార్కింగ్ లాట్‌లో నా పక్కన కూర్చుని మంచు మీద కారు నడపడం నేర్పింది. "బ్రేక్ గట్టిగ తొక్కకు, పైలం" అన్న ఆమె మాట, పైలమంటే వాళ్ళ వైపు జాగ్రత్త, ఇప్పటికీ జారుడు రోడ్డు కనిపిస్తే చెవిలో వినిపిస్తుంది.

ఇక అసలు సంగతి. నెలాఖరు వచ్చిందంటే ఆ ఆఫీసుకు జ్వరం వచ్చేది, ఎందుకంటే సరుకు ఫ్యాక్టరీకి చేరిపోయి బిల్లు ఇంకా రాని ఖర్చులన్నిటినీ అంచనా వేసి ఆ నెలలోనే చూపించాలి, ఏ సరుకు చేరిందో ఏది చేరలేదో ఆఖరిరోజు దాకా ఎవరూ కనుక్కునేవారు కారు. మా అమ్మ పాలవాడి లెక్కా ఇస్త్రీ అతని లెక్కా నెల మధ్యలోనే ఓసారి సరిచూసుకునేది, నాకూ అదే అలవాటు. ఇరవయ్యో తారీఖు దాటగానే ఫ్యాక్టరీల స్టోర్లకు నేనే ఫోన్లు చేసి, ఏమొచ్చింది, ఏం రాబోతోంది అని అడిగి రాసి పెట్టుకునేదాన్ని. మా విభాగానికి ఆ నెలాఖరు పండగలా గడిచింది.

ఆ ఆదివారం అన్నయ్య మా డైనింగ్ టేబుల్ దగ్గర అదంతా మళ్ళీ చెప్పమన్నాడు, నేను గరిటె పక్కన పెట్టి చెప్పాను, పెరుగన్నంలోకి మాగాయ వడ్డిస్తూ కూడా చెబుతూనే ఉన్నాను. వివరంగా రాసి తనకు పంపమన్నాడు, మనోళ్ళ పనిలో తప్పు దొర్లకూడదు కదా, ఒకసారి చూసి ఇస్తానన్నాడు. తర్వాతి వారం పెద్ద మీటింగులో, పై వాళ్ళందరి ముందు, నేను రాసినదాన్ని తన ఆలోచనగా ఆయనే చెప్పాడు, అంతా చప్పట్లు కొట్టారు, పక్కవాళ్ళు కొడుతున్నారని నేనూ కొట్టాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, ఈయన అకౌంట్స్ మనిషి కాబట్టి ఒక్కటీ వదలకుండా లెక్కపెట్టాడు.

పోనీ, ఉద్యోగమైనా ఇప్పిస్తాడని నోరు మూసుకున్నాను. ఏడాది చివర నన్ను గదిలోకి పిలిచి, ఎంతో బాధపడుతున్నట్టు మొహం పెట్టి, "ఏమనుకోకమ్మా, నీ పేరు చెప్తే మనోళ్ళకే ఇచ్చుకున్నడంటరు, నాకు మాట వస్తది" అన్నాడు. పని తీసుకునేటప్పుడు మనోళ్ళం, ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి మనోళ్ళం కాబట్టే ఇవ్వకూడదు! ఆఫీసులో ఫిర్యాదు చేద్దామంటే అన్నయ్య మీద చెల్లెలు ఫిర్యాదు చేసినట్టు ఉంటుందని మావారు ఆపేశారు. ఆయన జెర్సీ సిటీలో ఎవరితోనో గది పంచుకుని రెండు చలికాలాలు గడిపారు, నేను ఇక్కడ ఓ చిన్న టాక్స్ ఆఫీసులో చేరి, చీకటితోనే లేచి మంచు తోసుకుంటూ, అమ్మాయిని బడికి దింపి పనికి పోయేదాన్ని. దానికి జ్వరం వచ్చిన రోజుల్లో, నాన్న ఎప్పుడొస్తాడని అడిగిన ప్రతిసారీ, నేను ఆ పెద్దమనిషినే తిట్టుకున్నాను.

నాకు ఉద్యోగం లేదని చెప్పిన వారమే, ఆదివారం ఆయన మళ్ళీ భోజనానికి వచ్చాడంటే నమ్ముతారా? పోపు లేని పప్పు పెట్టాను, ఆవకాయ జాడీ అలమరలో దాచాను. దున్నపోతు మీద వాన పడ్డట్టు, మారు వడ్డించుకుని తిని వెళ్ళాడు. వదిన మొహం చూసి ఆమెకేమీ తెలియదని అర్థమైంది, ఆమె కోసమే ఆ రాకపోకలు తెంచలేకపోయాను. తర్వాత వేరే కంపెనీలో చేరాను, మెల్లగా పైకి వచ్చాను, ఇప్పుడు నా కిందా అప్రెంటిస్‌లు ఉన్నారు, కానీ పగ మాత్రం మా ఇంటి మాగాయలా ఏటేటా ఊరుతూనే ఉంది. నాకు ఉద్యోగం తానే ఇచ్చానని ఇన్నాళ్లూ ఇంట్లో చెప్పుకుంటున్నాడని కొడుకు ఫోన్‌తో తెలిశాక ఇక ఆగదలచుకోలేదు.

పార్టీకి పట్టుచీర కట్టుకునే వెళ్ళాను. హాలు నిండా మన కుటుంబాలు, ముందు వరుసలో ఆనాటి మీటింగులో చప్పట్లు కొట్టిన అమెరికన్ పెద్ద మేనేజర్, ఆయన పక్కన వదిన. నేను మైకు అందుకుని, అన్నయ్య వైపు తిరిగి, గారు లేకుండా, ఆఫీసులో అందరూ పిలిచినట్టే ఉట్టి పేరు పెట్టి పిలిచాను. ఆ పేరు ఇక్కడ రాయను, ఆ హాలువాళ్ళు విన్నారు, చాలు. వడ్డిస్తున్నవాళ్ళు గరిటెలు పట్టుకునే నా వైపు తిరిగారు. అప్పుడు నవ్వుతూనే, అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషులో చెప్పాను: మీరు ఆ రోజు చెప్పి చప్పట్లు కొట్టించుకున్న నెలాఖరు పద్ధతి మా డైనింగ్ టేబుల్ దగ్గర నేను మీకు చెప్పినదే, మాగాయ బాగుందన్నారు కానీ మీటింగులో నా పేరు చెప్పడం మర్చిపోయారు, నాకు ఉద్యోగం ఇప్పించడమూ మర్చిపోయారు. కొందరు జోకనుకుని నవ్వారు. పెద్ద మేనేజర్ నవ్వలేదు, మెల్లగా అన్నయ్య వైపు తిరిగి చూశాడు. అన్నయ్య తన ముందున్న మంచినీళ్ళ గ్లాసు తీసుకుని, తాగకుండానే కింద పెట్టేశాడు. నాకు కడుపు నిండింది, అబద్ధమెందుకు, భోజనం చేయకుండానే నిండింది.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు, మన తెలుగు పిల్లలతో సహా, నన్ను పేరు పెట్టే పిలుస్తారు. మొదట్లో చివుక్కుమన్న మాట నిజమే, ఇప్పుడు అదే మంచిదనిపిస్తుంది. అక్కా అని పిలిపించుకుని నేను వాళ్ళ దగ్గర ఏదీ లాక్కోలేను, నేను తప్పు చేస్తే మొహం మీదే అడిగేస్తారు. మా రోజుల్లో పని గదికీ వంటగదికీ మధ్య గోడ లేదు, దాంతో నష్టపోయినవాళ్ళం ఉన్నాం, కానీ ఆ గోడ లేకపోబట్టే నాకో ఉన్ని కోటు దొరికింది.

పార్టీ అయ్యాక కోట్లు తగిలించిన చోటికి వదిన వచ్చింది. నా కోటు తీసి చేతికిచ్చింది, నేనే తొడుక్కున్నాను. మళ్ళీ అవకాశం వచ్చినా ఆ మైకు అందుకుంటాను, ఆ మాటలే చెబుతాను, ఆ విషయంలో నాకు పశ్చాత్తాపం ఇసుమంత కూడా లేదు. కానీ నేను తలుపు తీసి మంచులోకి అడుగుపెడుతుంటే, ఇన్నేళ్లూ నువ్వు అనే పిలిచిన మనిషి వెనక నుంచి మెల్లగా, "రోడ్డు మీద ఐసుంది, పైలంగ పోండి" అంది.