పసుపునీళ్ల వైద్యం

విడవలూరుకు అవతల, సరుగుడు తోపుల వెనక సముద్రం హోరు వినపడే పల్లెకు నేను కోడలిగా వెళ్లింది పంతొమ్మిది వందల యాభైల చివర్లో. ఆ ఇంట్లో కోడలికీ కోడికీ పెద్ద తేడా లేదు. ఇద్దరమూ అందరికంటే ముందు లేవాలి. అది కూస్తే తెల్లవారిందనేవారు, నేను నోరు తెరిస్తే ఏదో కూసిందనేవారు. నా వంట సంగతి చెప్పుకోకపోవడమే మేలు. ఉప్పు నా మీద పగబట్టింది. ఇవాళ తక్కువైతే రేపు ఆ లోటంతా కలుపుకుని పడేది.

ఇంట్లో ఉన్న ఎర్రపుంజు మొక్కుబడి కోడి. మా ఆయనకు విషజ్వరం వచ్చినప్పుడు, బిడ్డ లేచి తిరిగితే జాతరకు దీన్ని ఇచ్చుకుంటానని అత్త అమ్మోరికి మొక్కింది. ఆయన లేచి తిరిగాడు. కోడీ తిరుగుతూనే ఉంది, జాతర వచ్చేదాకా.

ఒక తెల్లవారుజామున కూత వినపడలేదు. వెళ్లి చూస్తే గంప తిరగబడి ఉంది. బావురుపిల్లి పని. కంచె పక్కన ఈకల మధ్య పుంజు పడి ఉంది, మెడ కింద తోలు చీలి, ఒక రెక్క వేలాడుతూ.

"కోసెయ్యండి. చచ్చినాక ఎవురు తింటారు?" అన్నాడు మామ.

"అమ్మోరికి మాత్రం పనికిరాదు. పిల్లి నోట్లో పడినాది గదా. వేరే పుంజును ఇచ్చుకుంటాలే" అంది అత్త.

"నేను చూసుకుంటానత్తా" అన్నాను.

"నువ్వా? గంజి వార్చడం చేతగాదు, వైద్యం జేస్తాదంట! చెయ్యి మే, నీ చేతిలో అదన్నా బాగుపడతాదేమో."

అత్త వెటకారం నాకు పట్టలేదు. అమ్మోరికి పనికిరాదన్న ఆ ఒక్క మాటే పట్టుకున్నాను. ఇది బతికిందంటే ఇక నిజంగా బతికినట్టే.

రెక్కను పాతగుడ్డతో కట్టాను. రాగిసంకటి చిన్న ముద్దలు చేసి నోరు తెరిచి పెట్టాను. పొద్దున్నే వేపాకు వేసి కాచిన పసుపునీళ్లు చల్లార్చి, మెడ తడిసేలా పోసేదాన్ని. మొదట్లో కళ్లు మూసుకుని పడి ఉండేది. తర్వాత లేచి నిలబడింది. ఆ తర్వాత నీళ్లు పడగానే ఒళ్లంతా జలజలా విదిలించేది. పెళ్లి బట్టల తర్వాత నన్ను అంత పచ్చగా చేసింది అదొక్కటే. ఒక పొద్దున బొంగురుగా కూసింది కూడా. నా గొంతే నయమనిపించింది.

జాతర వచ్చింది. మా దిక్కున బలికి ముందు కోడి నెత్తిన పసుపునీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు, కదలకపోతే కోపగించినట్టు. అత్త తెచ్చిన కొత్త పుంజు డప్పుల మోతకు బిగుసుకుపోయి నిలబడింది. ఎన్ని నీళ్లు చల్లినా ఈక కదల్చలేదు. అత్త మొహం పాలిపోయింది.

"మొక్కుకునింది దీన్నేనా తల్లీ?" అన్నాడు పూజారి.

"ఎర్రదాన్ని సామీ. దాన్ని పిల్లి పట్టినాది. మా కోడలు నయం జేసింది."

"కోడలు జేసేదేంది? ఆ యమ్మ కోడిని ఆ యమ్మే కాపాడుకునింది. పొయ్యి దాన్నే తీసకరండి."

పరుగున వెళ్లి దాన్ని చంకలో పెట్టుకుని తెచ్చింది మా ఆయనే. జ్వరం నుంచి బాగా కోలుకున్నాడు, రొప్పు కూడా రాలేదు.

పూజారి నీళ్లు చల్లాడు. పుంజు రోజూ చేసినట్టే మెడ వంచి, కళ్లు మూసుకుని, జలజలా విదిలించింది. జనం ఒక్కసారిగా కేకలు వేశారు.

"అది అలవాటత్తా! నేను రోజూ పోస్తా ఉంటే..."

"కుయ్యబాక మే!" అంది అత్త, చేతులు జోడించి, కళ్లనీళ్లతో. "అమ్మ ఒప్పుకునింది."

ఆ మధ్యాహ్నం కూర నేనే వండాను. మామ రెండోసారి వేయించుకున్నాడు. ఇన్నాళ్లకు ఉప్పు కుదిరిందన్నాడు. అత్త కూడా అవునంది. ఆ ఇంట్లో నా చేతివంటకు మెప్పు దొరకడం అదే మొదలు. నేను మజ్జిగ పోసుకుని తిన్నాను. అందులో ఉప్పు వేసుకున్నానో లేదో గుర్తులేదు.