డేరాకొక మిద్దె

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా నాయన సేద్యం పక్కనబెట్టి జోస్యం మొదలుపెట్టాడు. వానలు రాక చేలు ఎలాగూ బీడుపడ్డాయి. ఆయన జోస్యం పెళ్లిళ్ల గురించీ గ్రహాల గురించీ కాదు. రాబోయే రోజుల్లో కర్నూలుకు ఎందరు బేల్దార్లు, అంటే గోడలు కట్టే పనివాళ్లు, అవసరమవుతారో తేల్చేవాడు.

లెక్క తేలికే. కోయిలకుంట్లలో బస్సు దిగిన ప్రతివాడినీ ఆపి, "ఏమప్పా, కర్నూల్లో డేరాలు పెరిగినాయా, తగ్గినాయా?" అని అడిగేవాడు. అప్పట్లో సర్కారు కచేరీలూ ఉద్యోగుల కాపురాలూ చాలావరకు డేరాల్లోనే ఉండేవి. "ఎన్నాళ్లని గుడ్డ కింద ఉంటారు? డేరాకొక మిద్దె లేయాల్సిందే" అనేది ఆయన సూత్రం. ఒకసారి సర్కసు డేరాను కూడా లెక్కలో కలిపేశాడు. అది సర్కసని మా అన్న చెబితే, "ఏనుగులుంటే ఇంకా పెద్ద గోడలు గావల్ల గదరా" అన్నాడు.

గిరాకీ తేలాక పనివాళ్లను తయారుచేయాలి కదా. మా అన్ననూ, వీధిలో పనిలేని మగవాళ్లనూ పోగేసి మా ఇంటి ముందే బేల్దారి బడి పెట్టాడు. ఏనాడూ తాపీ పట్టని నాయనే మేస్త్రి. పొద్దున రాళ్లు పేర్చి, మట్టి మెత్తి గోడ లేపేవాళ్లు. సాయంత్రానికి విప్పేసేవాళ్లు. మర్నాడు నేర్చుకోవడానికి మళ్లీ ఆ రాళ్లే కావాలి మరి.

ఇంట్లో సంగతి వేరు. వంటింటి వెనక గోడ ఎప్పుడో ముసురుకు కూలిపోయింది. గాలికి పొయ్యి ఆరిపోయేది, కుక్కలు దర్జాగా వచ్చి రొట్టెలు ఎత్తుకెళ్లేవి.

"ఏమయ్యా, ఇంతమంది బేల్దార్లుండారు, ఈడ నాలుగు రాళ్లు పెట్టించకూడదా?" అనేది అమ్మ.

"రాళ్లన్నీ ఆడ పెట్టేస్తే బడి ఏం గావల్ల? వాళ్లు నేర్చేది రాజధాని కోసం, నీ వంటింటి కోసం గాదు" అనేవాడు నాయన.

అమ్మ పొగకు కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయేది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

చివరికి బడి మొత్తం తాపీలూ, గోడ నిలువు చూసే తూకం గుండ్లూ పట్టుకుని కర్నూలు పోయింది. వాళ్లు దిగేసరికి రాజధాని మూటాముల్లె సర్దుకుని హైదరాబాదుకు తరలిపోతోంది. డేరాలు పీకే మనుషులు చాలక ఒక గుమాస్తా తల పట్టుకుని కూర్చున్నాడు. మా బేల్దార్లకు ఆ పనే దొరికింది. చాలా బాగా చేశారట. రోజూ విప్పడం అలవాటైన చేతులాయె.

ఊరికి తిరిగొచ్చాక నాయన అరుగు మీద కూర్చున్నాడు. "పని దొరుకుతాదని చెప్పింటినా, లేదా?" అన్నాడు. "ఇంగ హైదరాబాదులో మేడ మీద మేడ లేస్తాది. తలుపులకూ కిటికీలకూ వడ్రంగులు శానా మంది గావల్ల. రేపట్నుంచి అది నేర్చుకుందాం."

అన్న బడి రాళ్లు ఒక్కొక్కటే ఎత్తి వంటింటి వెనక్కు మోసుకెళ్లాడు. నాయన అరుస్తూనే ఉన్నాడు. గోడ లేచేకొద్దీ గాలి తగ్గి, మంట నిలబడింది. అమ్మ ఊదడం ఆపి, ఇక ఏం చేయాలో తోచనట్టు పొయ్యి ముందు ఊరికే కూర్చుంది.

నాయన వచ్చి తూకం గుండు వేలాడదీసి చూశాడు. "వంకర ఉండాది. విప్పి మళ్లీ కట్టల్ల."

అమ్మ లేచి వెళ్లి, ఆ గోడకు అడ్డంగా నిలబడింది.

"చెయ్యేసి చూడు!" అంది.