మాస్టారి ముందు నిటారుగా

మా ఊళ్ళో కరాటే అంటే జనానికి మొదట నవ్వొచ్చేది. తెల్లబట్టలేసుకుని, గాల్లో చేతులాడిస్తూ, మధ్యమధ్య కేకలు పెట్టే కుర్రాళ్ళను చూస్తే ఎవరికి మాత్రం రాదు? ఎనభైల మొదట్లో నర్సీపట్నంలో మేం పదిమందిమి అలా నవ్వులపాలవుతూనే నేర్చుకున్నాం. మా మాస్టారికి బలిఘట్టం వెళ్ళే దారిలో సైకిల్ రిపేరు షాపు ఉండేది. వయసులో ఉన్నప్పుడు విశాఖపట్నం హార్బరులో కూలికి వెళ్ళి, అక్కడ ఒక ముసలాయన దగ్గర ఈ విద్య పట్టుకొచ్చారు. ఆ ముసలాయనది ఏ దేశమో, ఏ ఓడ దిగి వచ్చాడో మాస్టారికీ సరిగ్గా తెలీదు. ఆయన ఫొటో ఒకటి మాత్రం ఫ్రేము కట్టించి దాచుకున్నారు.

రోజూ తెల్లవారుతూనే వరహా నది ఇసుకలో మా క్లాసు. మాస్టారు ఆ ఫొటోని తువ్వాల్లో చుట్టి తెచ్చి, సైకిల్ క్యారేజీ మీద నిలబెట్టేవారు. ముందు ఫొటోకి, తర్వాత ఆయనకి నడుం వంచి దండం పెట్టాకే మొదటి గుద్దు. శుక్రవారం షాపులో దేవుడి పటాలకి బొట్టు పెడుతూ, అదే వేలితో ఈ ఫొటోకీ ఒక బొట్టు పెట్టేసేవారు. ఫ్రేములో ఉన్న మనిషికి బొట్టు పెట్టకుండా ఊరుకోవడం ఆయనకి చేతకాదు. ఆ బొట్టే నా కొంప ముంచిందని చాలాకాలం అనుకున్నాను. అది అబద్ధం. నా కొంప ముంచింది నా నోరే.

నాకు ఇరవై ఒకటో ఏట రాష్ట్ర పోటీల్లో మొదటి స్థానం వచ్చింది. రెండు నెలలు తిరక్కుండా సింగపూరులో జరిగే పోటీకి రమ్మని ఉత్తరం వచ్చింది. అడుగున ఒక వాక్యం ఉంది: దారి ఖర్చులు ఎవరివి వాళ్ళవే. నాన్న ఆస్పత్రిలో కాంపౌండరు. ఆయన ఆ వాక్యం చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివారు.

నేనూ మాస్టారూ సాయం కోసం తిరగడం మొదలుపెట్టాం. ఒక రైసు మిల్లు యజమాని మమ్మల్ని బస్తాల మధ్య నిలబెట్టి, "కబడ్డీ ఆడే కుర్రోళ్ళకి బనీన్లు కొనిచ్చేను గదా! కొట్టుకోడానికి సింగపూరు దాకా ఎందుకయ్యా, ఇక్కడే కొట్టుకోండి" అన్నాడు. ఒక నాయకుడు సిఫారసు ఉత్తరం ఇచ్చాడు. దాన్ని పట్టుకెళ్తే రెండో ఆయన ఇంకో సిఫారసు ఉత్తరం ఇచ్చాడు. రోలుగుంటలో ఒక యువజన సంఘం వాళ్ళు సభ పెట్టి, ఇద్దరికీ దండలేసి, టీ ఇచ్చి పంపారు. ఈ దండ ఇస్తే కౌంటర్లో టికెట్ ఇస్తారా అని బస్సులో నేను విసుక్కుంటే, "ఒరే, ఏసినోడి మొకం సూడు, ఎంత ముచ్చటగా ఏసేడో" అన్నారు మాస్టారు. ఆయనకి కోపం వచ్చేది కాదు. ఆయన వాటా కూడా నాకే వచ్చేది.

అప్పుడు అమ్మ చర్చి స్త్రీల సమాజంలో మాట కదిపింది. మాది మిషన్ చర్చి. మా వాళ్ళలో ఒక అలవాటు ఉంది. వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఇంటి ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తుంది. ఇంట్లో ఎన్ని ఉన్నా అంతే, ఎన్ని లేకపోయినా అంతే. ఆదివారం ఆ బియ్యం చర్చికి తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసి, వచ్చినది చర్చి అవసరాలకి వాడతారు. ఈ రెండు నెలల పిడికెడు బియ్యమూ కుర్రాడికి ఇచ్చేద్దామని ఆడవాళ్ళు అనుకున్నారు. పెద్దలు ఒప్పుకోవాలి, అంతే.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఎవర్నీ కదలొద్దన్నారు పాస్టరు అయ్యగారు. మా మాస్టారిని కూడా పిలిపించారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, గ్రీజు మరకలు పోయేదాకా చేతులు తోముకుని వచ్చి, చివరి బెంచీ మీద కూర్చున్నారు. సంఘ పెద్దల్లో ఒక రిటైరైన హెడ్మాస్టరు గారున్నారు. మంచాయన. నాకు చదువు చెప్పినాయన. ఆయన లేచి నెమ్మదిగా అడిగారు.

"బాబూ, మొన్న శుక్రవారం సైకిల్ బాగు చేయించుకోడానికి వెళ్ళాను. అక్కడొక ఫొటోకి బొట్టు పెట్టి ఉంది. క్లాసులో దానికి మీరు దండం పెడతారని విన్నాను. నువ్వూ పెడతావా?"

ఇంత చిన్న ప్రశ్న. అవునండీ, మాకు విద్య నేర్పినాయనకి మర్యాద అండీ అంటే సరిపోయేది. కానీ నాకు ఆ క్షణంలో మిల్లు బస్తాలు, సిఫారసు ఉత్తరాలు, నాన్న తుడుచుకున్న కళ్ళజోడు అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. ఇదొక్కటే మిగిలిన గుమ్మం. ఇదీ మూసుకుపోతే ఇంక జన్మలో వెళ్ళలేనని భయం వేసింది.

"లేదండి" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరూ అడగకుండానే, "ఫొటోకే కాదండి, మాస్టారికి కూడా వంగనండి. నేను దేవుడికి తప్ప ఎవరి ముందూ వంగనండి" అన్నాను.

చర్చిలో ఒక మెచ్చుకోలు గుసగుస వినిపించింది. హెడ్మాస్టరు గారు చివరి బెంచీ వైపు చూసి, "నిజమేనా మాస్టారూ?" అన్నారు.

నేను వెనక్కి తిరగలేదు. బెంచీ చప్పుడైంది.

"నిజవేనండి. ఈడు ఎప్పుడూ ఒంగలేదండి. మేవందరం దండవెడతాంటే ఎనకాల నిలబడతాడండి" అన్నారు ఆయన.

మాస్టారికి మొహం చూపించలేక, బయల్దేరేదాకా ఒక్కణ్ణే సాధన చేసుకున్నాను. ఆ బియ్యం డబ్బుతోనే వెళ్ళాను. తునిలో రైలెక్కి మద్రాసు వెళ్ళి, అక్కడ విమానం ఎక్కాను. మొదటి పోటీ గెలిచాను, రెండోదాంట్లో ఓడాను. నన్ను ఓడించినవాడు నాకంటే బాగా ఆడాడు, దాని గురించి నాకు ఏ బాధా లేదు. ఊరికి రాగానే చర్చిలో ప్రార్థన పెట్టి, శాలువా కప్పారు.

మర్నాడు పొద్దున్నే నదికి వెళ్ళాను. అందరితో పాటు వరసలో నిలబడి వంగబోతే, మాస్టారు వచ్చి నా భుజం పట్టుకుని నిలబెట్టారు.

"ఒద్దురా. నువ్వు ఒంగవని అంతమంది కాడ సెప్పేవు."

"అబద్ధం చెప్పాను మాస్టారూ. ఆదివారం వెళ్ళి అందరి ముందూ ఒప్పేసుకుంటాను."

"ఒప్పేసుకుంటే? ఆ ఆడోళ్ళు నోటికాడ బియ్యం తీసి నిన్ను పంపేరు. నువ్వు మోసం సేసేవని తెలిస్తే ఆలు ఏటైపోతారు? నన్ను సూడకు, ఆలని సూడు. ఆ మాట నిలబెట్టు."

ఆయన శిక్ష వేయలేదు. నిజంగానే ఆ ఆడవాళ్ళ గురించి ఆలోచించారు. తిట్టి ఉంటే, నాలుగు తగిలించి ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఆ రోజు నుంచి అందరూ నడుం వంచినప్పుడు నేనొక్కణ్ణీ వెనక నిటారుగా నిలబడ్డాను. కొత్తగా చేరినవాళ్ళు నాకు పొగరనుకునేవారు. సింగపూరు వెళ్ళొచ్చాడు కదా అని గొణుక్కునేవారు. మాస్టారు వాళ్ళకి ఏమీ చెప్పలేదు. ఎప్పటిలాగే నా మడమ సరిచేశారు, నా పిడికిలి సరిచేశారు, నాతోనే ముందు తలపడ్డారు. సిగ్గుతో నా మెడ మండేది. ఇలా అయిదేళ్ళు.

తర్వాత నాకు వేరే జిల్లాలో డ్రిల్లు మాస్టారి ఉద్యోగం వచ్చింది. బస్టాండుకి అమ్మ వచ్చింది, షాపు మూసి మాస్టారూ వచ్చారు. పెట్టె పైకెక్కించాక అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది.

"అలా మానులా నిలబడ్డావేటి? మాస్టారి కాళ్ళకి దండవెట్టు."

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన ఒక అడుగు వెనక్కేశారు.

"ఒద్దులెండి అమ్మా. ఆడు చర్చీలో మాటిచ్చేడు గదా."

"ఏటి మాట?" అంది అమ్మ. ఆమెకి నిజంగానే గుర్తు లేదు. ఇద్దరి మొహాలూ చూసి, కాసేపటికి గుర్తు తెచ్చుకుంది. "ఓలమ్మా, ఆ హెడ్మాస్టరు గారు అడిగిన ముక్కా? ఆ ముక్క ఎవులు పట్టించుకున్నారు? నువ్వు దండవెడతానన్నా మేం ఇచ్చేవోళ్ళవే. ముందురోజే అందరం అనేసుకున్నాం, పెద్దలు ఒప్పుకోపోతే బియ్యం తిన్నగా మనింటికే తెచ్చేద్దావని."

డ్రైవరు హారను కొట్టాడు. మాస్టారు చాలాసేపు అమ్మ వైపే చూశారు. నా వైపు చూడలేదు. చూడకపోవడమే నయమని నాకూ అనిపించింది. "బేగి ఎక్కు, బస్సు కదిలిపోతంది" అని అమ్మ నన్ను తోసింది. నేను వంగకుండానే బస్సెక్కాను.