అన్ని స్థానాల్లోనూ ఆడిన మనిషికి కుట్టిన దిష్‌దాషా

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన రోజుల గురించి మా రాయచోటి శాఖా గ్రంథాలయంలో దొరికినవన్నీ చదివాను. అక్కడి క్రీడల సంపుటంలో అమెరికన్ ఫుట్‌బాల్ మీద రెండు పేజీలున్నాయి. వాటినీ వదల్లేదు. సైన్యాల సంగతి ఒక బీరువాలో, ఆట నియమాలు మరో బీరువాలో ఉన్నాయి. ఆ రెండూ ఒక దర్జీ టేపు కింద కలిశాయన్న సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. నేను రాయకపోతే ఇకముందు కూడా ఉండదు.

1990లో ఖైతాన్‌లో, నా కఫీల్, అంటే నాకు పూచీ ఉన్న కువైటీ యజమాని, పేరు మీద ఉన్న చిన్న దుకాణంలో దిష్‌దాషాలు కుట్టేవాణ్ణి. దిష్‌దాషా అంటే అక్కడి మగవాళ్లు వేసుకునే, మడమల దాకా జారే పొడుగు చొక్కా. ఆగస్టులో సైన్యం దిగాక గిరాకీ పోయింది. మనవాళ్లు చాలామంది జోర్డాన్ దారి పట్టారు, నేను ఆగిపోయాను. చలి మొదలయ్యే రోజుల్లో ఒక ఉదయం సుబ్బమ్మక్క దుకాణానికి వచ్చింది. ఆమెది మా రాయచోటి వైపే. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పని చేసేది.

“అన్నా, టేపు తీసుకోని రా. మామా పిలుస్తాండాది.”

మామా అంటే ఆమె యజమానురాలు.

“ఎవరికి కుట్టల్లక్కా?”

“వచ్చి చూడు, నీకే తెలుస్తాది. గుడ్డ మాత్రం రెండింతలు పట్టుకో.”

ఆ ఇంటి మేడ గదిలో ఒక మనిషి నిలబడితే కిటికీ వెలుతురు ఆగిపోయింది. పేరు క్లైడ్. నల్లజాతి అమెరికన్, ఒకప్పుడు డబ్బుకు ఆడిన ఫుట్‌బాల్ ఆటగాడు. ఆట మానేశాక వ్యాయామం నేర్పే ఉద్యోగానికి కువైట్ వచ్చి, మామా కొడుక్కి కూడా నేర్పాడు. అప్పుడు సైనికులు అమెరికన్లను వెతికి పట్టుకుపోతున్నారు. దాచినవాళ్లకు ప్రాణం మీదికి వచ్చేది. సోదాలు ఆ వీధి చివరిదాకా వచ్చేశాయి. రుమైథియాలోని మామా చెల్లెలి ఇంట్లో సోదా అయిపోయింది కనుక అక్కడికి చేర్చాలి. దారిలో చెక్‌పోస్టు ఉంది.

మామా నా చేతిలో ఒక గుర్తింపు కార్డు పెట్టింది. అది విదేశంలో చిక్కుకుపోయిన ఆమె అన్నయ్య కార్డు. ఛాయ కలిసింది, వయసు కలిసింది. కానీ ఆ అన్న బాగా లావు మనిషి.

“ఈయనను ఆయనగా చెయ్యాలి,” అంది మామా.

టేపు పెట్టాను. మెడ నేను అంతవరకు కొలిచిన మెడలన్నిటికన్నా లావు. ఎడమ షోల్డర్ డ్రాప్, అంటే భుజం వాలు, కుడిదానికంటే ఎక్కువ. కుడి చిటికెన వేలు పక్కకు తిరిగిపోయి ఉంది. కొలతల ప్రకారం చక్కగా కుట్టి మర్నాడు తొడిగాను. సుబ్బమ్మక్క చుట్టూ తిరిగి చూసింది.

“మిలిటరీవోనికి దుప్పటి కప్పినట్టుండాదన్నా.”

నిజమే. బట్ట ఒంటికి కుదరడమే అక్కడ తప్పయింది. షోల్డర్ లైను మోచేతి వైపు జార్చి, చంకలు వదులు చేసి మళ్లీ కుట్టాను. పొట్టకు స్పాంజి కట్టాను. ఆయన కూర్చోగానే అది గడ్డం కిందికి లేచింది. బరువు లేని పొట్ట కుదురుగా ఉండదు. ఆలోచించి బియ్యం అడిగాను. బొంతకు వేసినట్టు అడ్డంగా, నిలువుగా కుట్లు వేసి, గదులున్న సంచి చేసి, ప్రతి గదిలోనూ బియ్యం నింపి భుజాలకు పట్టీలు పెట్టాను.

“తినేదానికి మనం గింజలు ఏరుకుంటాంటే, ఈయప్ప కడుపు బయట కట్టుకుంటాండాడు సూడు!” అంది సుబ్బమ్మక్క. ఏమందని ఆయన అడిగితే నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడు.

నవ్వాక నడిచాడు. పొట్ట ఒకరిది, కాళ్లు మరొకరివి. మునివేళ్ల మీద, ఎప్పుడైనా ఉరికేట్టు నడుస్తున్నాడు. దానికి నా కత్తెర దగ్గర మందు లేదు. అప్పుడు ఎందుకో తెలుసుకోవాలనిపించి అడిగాను:

“మీరు ఏ స్థానంలో ఆడేవారు?”

“ఏ సంవత్సరం?” అన్నాడు.

మొదట రన్నింగ్ బ్యాక్‌గా, అంటే బంతిని చంకన పెట్టుకుని గుంపులోంచి దూసుకుపోయేవాడిగా మొదలయ్యాడట. మోకాలు దెబ్బతిన్నాక టైట్ ఎండ్ అయ్యాడు. అడ్డం నిలబడడం, బంతి పట్టడం, రెండు పనులూ చేసేవాడు. ఒక మ్యాచ్‌లో కిక్కర్ కాలు విరిగితే బంతి తన్ని గెలిపించాడు. చివర్లో ఒక జట్టు పగలూ రాత్రీ మేపి, బరువు పెంచి గార్డ్‌ను చేసింది. బంతి విసిరేవాడి ముందు గోడలా నిలబడే పని అది.

“ఏ జట్టులో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపేవాళ్లు. అన్ని చోట్లా పనికొచ్చాను కదా, ఏ చోటా నా పేరు నిలవలేదు,” అన్నాడు.

“గార్డ్‌గా ఉన్నప్పుడు ఎలా నడిచేవారు?”

ఆయన పాదాలు ఎడం చేశాడు. మడమలు ఆనించాడు. నడుము వెనక్కి, పొట్ట ముందుకు వచ్చాయి. ఊపిరి నోటితో తీస్తూ, తలుపు దాకా వెళ్లి గోడ పట్టుకుని తిరిగాడు.

“వల్లా! దేవుడి తోడు, మా అన్నే,” అంది మామా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

మర్నాడు మధ్యాహ్నం బయలుదేరాం. కారు నడిపింది ఆ ఇంటి డ్రైవరు మల్లయ్య, జగిత్యాల మనిషి. ఏ కుట్టయినా తెగితే చూడడానికి నేను ముందు సీట్లో కూర్చున్నాను. వెనక మామా, దవడలో దూది పెట్టుకుని పంటినొప్పితో మాట్లాడలేని ‘అన్న’.

“అన్నా, గట్ల బిగుసుకోకు. నీ మొకం జూస్తెనే దొర్కుతం,” అన్నాడు మల్లయ్య నాతో.

చెక్‌పోస్టులో సైనికుడు కార్డు చూసి, క్లైడ్‌ను దిగి అధికారి దగ్గరికి నడవమన్నాడు. దారికి అడ్డంగా మోకాలెత్తు సిమెంటు దిమ్మె పడి ఉంది. పరుగు నేర్చిన మనిషి దాన్ని చూడకుండానే దాటేస్తాడు. నా చూపు ఆయన కాళ్ల మీదే ఉంది. దిమ్మె ముందు ఆగాడు. దాన్ని చూసి నిట్టూర్చాడు. పొట్ట మీద చెయ్యేసుకుని, చుట్టూ తిరిగి, మడమలీడ్చుకుంటూ వెళ్లాడు. ఎండలో అంత సేపు నిలబడి ఎదురుచూడడం ఆ అధికారికే విసుగనిపించినట్టుంది. కార్డు ఇటూ అటూ తిప్పి వెనక్కి ఇచ్చాడు. సైనికుడు మామాతో, “మీ అన్నకు తిండి తగ్గించమ్మా,” అన్నాడు.

కొంత దూరం పోయాక మల్లయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. “ఖలాస్. ఇగ బత్కినం.”

రుమైథియాలో సంచి కుట్లు నేనే విప్పాను. ఆ బియ్యమే కడిగి వండారు. క్లైడ్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఆ చలికాలంలోనే విదేశీయులను వదిలినప్పుడు ఆయనా తన దేశం వెళ్లిపోయాడు.

నిలబడిన మనిషిని కొలిస్తే సగం మనిషే దొరుకుతాడని ఆ పనిలో నేర్చుకున్నాను. ఆ తర్వాత ఎవరు వచ్చినా, టేపు తీయకముందు నాలుగడుగులు నడవమనేవాణ్ణి. ఎందుకని అడిగినవాళ్లకు ఈ కథ చెప్పేవాణ్ణి.

ఆకలి రోజుల్లో బియ్యమిచ్చిన మామా మునీరాకు, అన్నం వండిన ఆమె చెల్లెలు హెస్సాకు, నా మొదటి కుట్టును మొహమాటం లేకుండా తప్పుపట్టిన సుబ్బమ్మక్కకు, స్టీరింగ్ మీద చెయ్యి వణకనివ్వని మల్లయ్యకు, ఆ రెండు పేజీలు వెతికి చూపించిన గ్రంథపాలకుడు రెడ్డెన్నకు నా నమస్కారాలు. క్లైడ్‌కు కూడా. ఆ క్రీడల సంపుటంలో ప్రతి స్థానం కిందా ఆయన పేరు వెతికాను. ఎక్కడా లేదు. అందుకే ఇక్కడ రాశాను.