చెల్లెలి ముద్ద

నా చిన్నప్పుడు నాకు బడి అంటే మా వంటింటి బల్లే. అమెరికాలో మేమున్న పార్సిప్పనీలో చలి మొదలైతే చాలు, నాకు ఉబ్బసం లేచేది. అందుకని అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది. చరిత్రకి ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. ఒక దేశం, ఒక సంవత్సరం తీసుకుని, ఆ ఏడాది అక్కడ ఏమేం జరిగాయో పెద్ద అట్ట మీద బొమ్మలుగా వేయాలి.

ఆ శీతాకాలం నాకు వచ్చింది ఇంగ్లండు, పద్దెనిమిది వందల డెబ్భై ఏడు. లైబ్రరీ పుస్తకాల్లో చూసి వేశాను. వాళ్ళ రాణిని మన దేశానికి కూడా మహారాణిగా ప్రకటించిన ఢిల్లీ దర్బారు, ఏనుగులు, ఇంగ్లండులో కొత్తగా పెట్టిన టెన్నిస్ పోటీ, ఫ్యాక్టరీల పొగగొట్టాలు, రేవుల్లో ఓడలు. బంగారు రంగంతా కిరీటానికే అయిపోయింది.

అప్పుడు మా తాతయ్య, నాన్నగారి నాన్న, కర్నూలు వైపు నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్నారు. అన్నం కలపగానే మొదటి ముద్ద తీసి బాల్కనీ కమ్మీ మీద పెట్టి రావడం ఆయన అలవాటు. అక్కడి కాకులకి ఆ సంగతి తెలియదు. ఉడతలు వచ్చి చిందరవందర చేస్తే, పప్పన్నం కింది వాళ్ళ కిటికీ అద్దాల మీదికి జారేది. అపార్ట్‌మెంట్ మేనేజర్ మొదట మర్యాదగానే చెప్పాడు. తరవాత వచ్చినప్పుడు, ఇలాగైతే లీజ్ రెన్యూ చేయనన్నాడు.

"మామయ్యగారూ, ఈ చలిలో పిల్లని పెట్టుకుని ఇల్లు షిఫ్ట్ చేయలేమండీ. ఆ ముద్ద ఒక్కటీ మానేయండి" అంది అమ్మ.

తాతయ్య తలూపారు. ముద్ద మానేశారు. దాంతోపాటు అన్నమూ మానేశారు. ఇన్ని మజ్జిగ తాగి లేచిపోయేవారు. ఎందుకో చెప్పలేదు. ఆయన చొక్కా వదులైపోతూ వచ్చింది. నాన్న బతిమాలి చూశారు. ఇంట్లో మాటలే తగ్గిపోయాయి. ఆయన మనకు దక్కుతారా అని అమ్మ ఫోన్‌లో ఎవరితోనో అనడం విన్నాను.

ఒక సాయంత్రం ఆయన్ని నవ్విద్దామని నా అట్ట పట్టుకెళ్ళాను. "తాతయ్యా, లుక్, ఎలిఫెంట్స్! అందరూ బిగ్ పార్టీ చేసుకుంటున్నారు."

"బాగా వేసినావమ్మా. ఈ ఓడల్లో ఏముంది?"

"బుక్‌లో గ్రెయిన్ అని ఉంది."

తాతయ్య ఆ ఓడల మీద వేలు ఉంచారు. తరవాత నెమ్మదిగా చెప్పారు. ఆ ఏడాదే మన వైపు ధాత కరువు, ధాత నామ సంవత్సరంలో మొదలైన పెద్ద కరువు. ఢిల్లీలో విందులు జరుగుతుంటే కర్నూలు పల్లెల్లో పొయ్యిలు వెలగలేదు. తాతయ్య వాళ్ళ నాయనమ్మ అప్పటికి చిన్నపిల్ల. ధాన్యం బస్తాలు రైళ్ళలో ఎటో తరలిపోతుంటే, ఆవిడా ఆవిడ చెల్లెలూ పట్టాల వెంబడి రాలిన గింజలు ఏరుకునేవారు. ఒకనాడు ఆ గింజలు ఉడికి, అక్క ముద్ద చేసి నోటికి అందించేసరికి చెల్లెలు లేదు. అప్పటినుంచి ఆవిడ మొదటి ముద్ద ఆ పిల్లకి తీయకుండా తినలేదు. పోయేముందు ఆ పని మనవడికి అప్పగించింది. చెల్లెలి పేరేమిటో తాతయ్యకి కూడా తెలియదు.

"ఆ పిల్లకి పెట్టకుండా నేనెట్ల తినేది?" అన్నారు.

పొయ్యి దగ్గరున్న అమ్మ అంతా విన్నది. కంచంలో వేడన్నం, పప్పు, నెయ్యి వేసి తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఆ పిల్లకి ఎన్నేళ్ళండీ?"

"ఇంతే. మన పాపంత."

"అయితే దీని నోట్లో పెట్టండి మామయ్యగారూ. ఉడతల కంటే నయం కదా."

తాతయ్య అన్నం కలిపి మొదటి ముద్ద నా నోటికి అందించారు. ఆ ముద్ద నేను నమిలి మింగేదాకా నా గొంతు వైపే చూస్తూ కూర్చున్నారు. అప్పుడు ఆయన అన్నం తిన్నారు. అమ్మ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు అట్ట మీద రైలు వేసి, పక్కన చెల్లెల్ని వేశాను. బంగారు రంగు లేదు. పెన్సిల్‌తోనే వేశాను.

ఇప్పుడు తాతయ్య లేరు, అమ్మా లేదు. ఆ రోజు అలా ఆలోచించగలిగిన అమ్మ కడుపున నన్ను పుట్టించినందుకు, ఇంత అన్నం నా కంచంలో పెట్టినందుకు, రోజూ దేవుడికి దండం పెట్టుకుని తినడానికి కూర్చుంటాను. మొదటి ముద్ద నేనే మింగుతాను. కానీ నా భోజనం మాత్రం రెండో ముద్దతోనే మొదలవుతుంది.