చిరిగిన రేకు

ఆత్రేయపురంలో వీరవేణి తీసే పూతరేకుకు పేరుంది. గుడ్డను బియ్యప్పిండి నీళ్లలో ముంచి, కాలిన కుండ మీద ఇలా లాగితే చాలు, అవతల మనిషి కనిపించేంత పలచని రేకు లేచి వస్తుంది. చుట్టేవాళ్లు అందులో బెల్లం, నెయ్యి వేసి చుట్టుకుంటారు. ఆవిడ మాత్రం బెల్లం నోట పెట్టి నాలుగేళ్లయింది. షుగరు.

మరి తినేదేమిటీ అంటే, అమ్మకానికి పనికిరాని చిరుగు రేకులు. ఊదితే ఎగిరిపోయే వస్తువు ఒంటినేం చేస్తుందని ఆవిడ ధీమా. అసలు సంగతి వేరు. పొయ్యి ఎగదోస్తూ పక్కన కూర్చునే భర్త చినబాబు, రోజూ మొదట చిరిగిన రేకును ఆవిడ నోట్లో పెట్టేవాడు. ఆవిడ చేతులు పిండితో తడిగా ఉండేవి మరి. ఆయన పోయి మూడేళ్లు. ఇప్పుడు చేతులు తుడుచుకుని ఆవిడే పెట్టుకుంటోంది. ఒకటితో ఆశ తీరక, గిన్నెడు.

మాత్రలు మార్చినా షుగరు దిగలేదు. సంగతేమిటో చూద్దామని నర్సు తబిత ఇంటికే వచ్చింది. పొయ్యి పక్కనున్న గిన్నె కంటపడింది.

"ఇవేంటండి పిన్నిగారూ?"

"చిరుగులమ్మా. ఉత్తి బియ్యమే, తీపి లేదుగా."

"ఓ ముక్క నోట్లో వేసుకోండి. మింగకుండా ఉంచండి."

రేకు నాలుక మీద ముద్దయింది. కాసేపటికి సన్నగా తీపి తగిలింది. వీరవేణి బిత్తరపోయి చూసింది.

"బెల్లం ఎవరూ వెయ్యలేదండి. మీ ఉమ్మే బియ్యాన్ని చక్కెర చేస్తోంది. మిగతా పని పేగులు చేసి రక్తంలోకి పంపిస్తాయి. ఒంటికి బలం దాంతోనే. మీకేమో అది కండల్లోకి సరిగ్గా వెళ్లక రక్తంలోనే ఉండిపోతోంది. పలచనైనా బియ్యం బియ్యమేనండి."

వీరవేణి గిన్నెను ఒళ్లోకి లాక్కుంది. బెల్లం మానడానికి ఇంత బాధ పడలేదు.

"ఇది కూడా మానేస్తే, మా ఆయన చెయ్యి ఇంక గుర్తుండదమ్మా" అంది.

"రోజుకొకటి తినండి. అన్నంలో ఓ ముద్ద తగ్గించుకోండి" అని తబిత, గిన్నెలో మిగిలినవి తీసుకెళ్లి కోళ్లకు వేసింది.

మర్నాడు మొదటి రేకే చిరిగింది. చిరిగిందో, చింపిందో మనం అడగక్కర్లేదు. వీరవేణి చేతులు తుడుచుకుని దాన్ని నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుంది. గిన్నెడు తిన్న రోజుల్లో ఇంతసేపు ఎప్పుడూ ఆగలేదు. తీపి మెల్లగా వస్తోంది. పొయ్యి దగ్గర ఆయన ఉన్నట్టే ఉంది.

కుండ మాడిపోతోందని పక్కావిడ రెండుసార్లు కేకేసింది. వీరవేణి పలకలేదు. పలకాలంటే మింగాలి.